చెవి కోసుకునేటోడు

దుర్గం ఓదెలు మొదటిసారి నా దుకాణానికొచ్చినప్పుడు
కొలతలు చెప్పలే.
పలకను కొట్టి ఇనిపియ్యమన్నడు.

బల్లార్షా డిపోల వేలం పాడి తెచ్చిన ఆలాపల్లి టేకు.
మూడు ఎండలు చూసింది, మూడు వానలు మింగింది.
వేలు మడిచి కొట్టిన. ఖంగుమన్నది.
"ఇది వద్దు," అన్నడు, "ఇది మాట్లాడుతది.
స్పీకర్ పెట్టెకు
నోర్మూసుకునే కట్టె కావాలె."

మంచాలకు, పెండ్లి పీటలకు, దుకాణాల గల్లాపెట్టెలకు
నలభై ఏండ్లు చెక్క కోసిన.
సప్పుడు చెయ్యనిదాన్ని ఏరుడు
నాకు అదే మొదలు.

ఓదెలుది కాగితం మిల్లుల పని, చిప్పర్ కాడ.
వెదురు బొంగులు నిలువునా పోయి
పేలాలోలె బయటపడే జాగ.
అక్కడ మనిషికి మనిషి చెయ్యెత్తే చెప్పాలె,
ఆగు, రా, నీ చెయ్యి భద్రం.
ఎనిమిది గంటలు ఆ మోత మోసి
ఇంటికొచ్చి, తలుపులు బిగించి,
తీగె ఆగిపోయినంక గదిల ఏం మిగులుతదో
అది ఇంటనంటడు.

మిల్లు దోస్తులు కాన్‌సేన్ అంటరు, మరాఠీల,
నవ్వుకుంటనే, కొంత ఇజ్జత్ ఇచ్చి.
యాంపు అమ్మిన నాగపూర్ సేటు
ఆడియోఫైల్ అన్నడట.
"ఫైలా? మంచిదే.
నా పుస్తె కుదువబెట్టిన కాగితం గూడ
అండ్లనే దాసుకో" అన్నది పోషక్క.
మా దిక్కు అయితే ఒకటే మాట:
పాటంటే చెవి కోసుకుంటడు.
ఎవలు పుట్టించిన్రో ఆ మాట,
వాళ్ళు చిప్పర్ చూసి ఉండరు.
అది ఇరవై ఆరేండ్ల సంది
పూటకింత కోస్తనే ఉన్నది.

పెట్టెలకు ఆరు నెలలు పట్టింది.
జోడు గోడలు, నడుమ వార్ధా ఏటి ఇసుక,
లోపల అస్తరుకు వాళ్ళ నాయిన గొంగడి.
"దాన్ని చింపుతవా?" అంటె
"కప్పుకుంటె గూడ ఆయన గొంతు తక్కువే ఇనబడేది" అన్నడు.

రాత్రి రెండింటికి పిలిచిండు.
అప్పుడే కరెంటు కడిగినట్టుంటదట.
బొగ్గు బండి పోయేదాక ఆగి,
బండ మీద సుద్దతోని గీసిన గుర్తుల కాడ
కుర్చీ నాలుగు కాళ్ళూ కలిపి
నన్ను కూసోబెట్టిండు.
ముల్లు దించిండు.
పాత ఫిడేలు, ఎవలదో.

"ఇన్నవా?"
"ఏంది?"
"పైన. అన్నిటికన్న పైన. కమాను తీగెను ఇడిసేటప్పటి గాలి."
ఆగిండు.
"నాకు ఇనబడ్తలేదు, ఆచారీ.
పోయినేడు మిల్లు దవాఖాన్ల మిషన్ పెట్టిన్రు.
గీత గీసి ఇచ్చిన్రు.
సక్కగ వచ్చి వచ్చి బావిల పడ్డది గీత.
ఎవలకు చెప్పలే.
నువ్వు చెప్పు. ఉన్నదా?"

కండ్లు మూసుకున్న.
నా కోత మిషన్ వయసెంతో వానికి ఎరికే లేదు.
"ఉన్నది," అన్న.
"సన్నగ?"
"సన్నగ."
వాని మొకం చూసి
నా నాలుక ఎండుకపోయింది.

అప్పుడు తలుపవతల నుంచి పోషక్క:
"ఆ వాయించేటాయనకు పడిశం పట్టింది.
ముక్కు ఎగబీలుస్తున్నడు. మూడుసార్లాయె."

ఓదెలు ముల్లు లేపిండు.
మళ్ళ మొదటికి పెట్టిండు.
"ఇగో, ఇప్పుడొకటి."
మేమిద్దరం గోడకు చెవి పెట్టిన పిల్లులోలె.
ఏం లేదు.

నేను కుర్చీల నుంచి లేచిన.
ఆమె కొంగుకు చేతులు తుడుచుకొని కూసున్నది,
పుస్తె లేని మెడ ముందుకు వంచి.
"ఎవలో వెనుక కాగితం తిప్పిన్రు," అన్నది.
"వాకిట్ల పిట్ట ఉన్నది. గది కిటికి మూయలే వాళ్ళు."
ఇంత పైసల సామాను ముందర
మేము స్పీకర్ల దిక్కు చూస్తలేము,
ఆమె నోటి దిక్కు చూస్తున్నం.

దూరంగ ఇంకో బండి.
పాట మీద పడుతదని
నేనేదో అనబోయిన.
పోషక్క చెయ్యెత్తింది.
మిల్లుల ఎత్తినట్టే.
ఓదెలు ఆగిండు.